కరువు, వరద, చెరువుకట్ట: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత చరిత్ర

మీలో కొందరు ఈ పాఠాన్ని కుప్పం నుంచి బెంగళూరుకు పనికి వెళ్లే రైలులో చదువుతూ ఉండవచ్చు. మరికొందరు మదనపల్లె టమాటా మార్కెట్‌లో లోడు దింపాక దొరికిన ఖాళీలో చదువుతూ ఉండవచ్చు. ఎక్కడ చదువుతున్నా ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి. మీ ఊరి పెద్దలు తమ జీవితంలో జరిగిన సంగతులకు కాలం చెప్పేటప్పుడు దేన్ని గుర్తు పెట్టుకుని చెబుతారు? ఈ మెట్ట ప్రాంతంలో సాధారణంగా రెండే గుర్తులు వినిపిస్తాయి. ఒకటి 'ఆ కరువు సంవత్సరం', రెండోది 'చెరువు తెగిన సంవత్సరం'.

పాఠ్యపుస్తకాల్లో ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాల్లో పెడతాం. అనావృష్టి వల్ల వచ్చేది కరువు, అతివృష్టి వల్ల వచ్చేది వరద అని నిర్వచనాలు రాసుకుంటాం. పరీక్షకు ఆ నిర్వచనాలు చాలు. కానీ పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగానికి, అంటే మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం పీఠభూమికి, ఆ విభజన సరిపోదు. ఇక్కడ కరువుకూ వరదకూ మధ్య ఒక మట్టి కట్ట ఉంది. ఆ కట్టను ఎవరు చూసుకున్నారు, ఎవరు వదిలేశారు అనే ప్రశ్న చుట్టూ ఈ ప్రాంత విపత్తుల చరిత్రను చదవాలన్నది ఈ పాఠం వాదం.

నేల, వాన

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. భౌగోళికంగా ఇది మైసూరు పీఠభూమికి తూర్పు అంచు. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లేటప్పుడు మొగిలి ఘాటు ఎక్కినవారికి ఈ సంగతి చెప్పనక్కర లేదు. గాలి మారుతుంది, చెట్టు మారుతుంది, మాటలో కన్నడం కలుస్తుంది.

నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల అవతలే చాలా వరకు కురిసిపోయి ఇక్కడికి చిక్కిపోయి వస్తాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలు తూర్పు కొండలు దాటి ఇక్కడికి చేరేసరికి వాటి బలమూ కొంత తగ్గుతుంది. రెండు రుతువుల వానా అందుతుంది, కానీ ఏదీ నిండుగా అందదు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల అటూ ఇటూ పడే ఈ వాన కూడా సమంగా పంచుకుని పడదు. నెలల తరబడి ఆకాశం చూపించి, అక్టోబరు, నవంబరుల్లో ఒక వాయుగుండం పట్టినప్పుడు మూడు నాలుగు రోజుల్లో కుమ్మరిస్తుంది. అందుకే ఏడాది సగటు వర్షపాతం చెప్పే అంకెను ఇక్కడ కొంచెం అనుమానంతో చూడండి. సగటు బాగానే ఉన్న సంవత్సరంలోనూ పంట ఎండవచ్చు, అదే సంవత్సరంలో కట్ట తెగవచ్చు.

నేల అడుగున ఉన్నది గ్రానైటు, నైసు రాయి. రాయికి ఉన్న పగుళ్లలో తప్ప నీరు నిలవదు. జీవనది అంటూ ఒకటీ లేదు. ఉత్తరాన మదనపల్లె మీదుగా బాహుదా, దక్షిణాన కుప్పం పక్క నుంచి పాలారు, మధ్యలో పలమనేరు మీదుగా కౌండిన్య వెళ్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఇవి ఇసుక దారులే. ఇలాంటి చోట మనుషులు బతకాలంటే, పడిన నాలుగు రోజుల వానను ఎనిమిది నెలలు దాచుకోవాలి. దాచుకోవడానికి వాళ్లు కట్టుకున్నదే చెరువు.

ఈ పొడి గాలికి ఒక మంచి గుణం కూడా ఉందని ఒకప్పటి వైద్యులు నమ్మారు. 1910లలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయాన్ని నెలకొల్పడానికి ఇక్కడి పొడి వాతావరణం ఒక ముఖ్య కారణం. రైతును ఎండగట్టిన గాలే రోగి ఊపిరికి మందయింది.

చెరువు ఎలా పనిచేస్తుంది?

చెరువు అంటే గుంత కాదు. వాలును అడ్డుకునే కట్ట. కట్టకు మూడు ముఖ్యమైన అంగాలు ఉంటాయి. మొదటిది మట్టితో పోసి, లోపలి వైపు రాతి పరుపు వేసిన కట్ట. రెండోది ఆయకట్టుకు నీరు వదిలే తూము. మూడోది, చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే రాతి అలుగు. మన వైపు దీన్ని మొరవ అనీ, తమిళ సరిహద్దుకు దగ్గరగా కలుజు అనీ అంటారు.

ఈ మూడింటిలో మొరవను గుర్తు పెట్టుకోండి. మట్టి కట్ట నీటి బరువును ఆపగలదు కానీ, తన మీదుగా పారే నీటిని భరించలేదు. ఒకసారి కట్ట పైనుంచి నీరు దూకడం మొదలైతే గంటల్లోనే మట్టి కోసుకుపోయి గండి పడుతుంది. కాబట్టి చెరువు ప్రాణం మొరవలో ఉంటుంది. మొరవ వెడల్పు చాలకపోయినా, దాని కింది వంకను ఎవరైనా ఆక్రమించి పూడ్చినా, ఎక్కువ నీరు నిలుపుకోవాలనే ఆశతో దాని మీద ఇసుక బస్తాలు పేర్చినా, నష్టం మొరవ దగ్గర కనబడదు. కట్ట మధ్యలో కనబడుతుంది.

ఇంకో సంగతి. ఈ ప్రాంతపు చెరువులు ఒంటరివి కావు. పై చెరువు మొరవ పోతే ఆ నీరు కింది చెరువును చేరుతుంది, అది నిండితే ఇంకా కిందికి. దీన్నే గొలుసుకట్టు అంటారు. మంచి ఏడాదిలో గొలుసు ఒక వరం. పై ఊరికి మిగిలింది కింది ఊరికి కూడు పెడుతుంది. చెడ్డ రాత్రి అదే గొలుసు శాపం. పైన ఒక కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కిందికి వచ్చి రెండో కట్టను, మూడో కట్టను లాక్కుపోతుంది. ఏ ఊరి చెరువూ ఆ ఊరిది మాత్రమే కాదు.

ఈ విజ్ఞానం ఎంత పాతదో తెలుసుకోవడానికి కొంచెం ఉత్తరంగా, కడప జిల్లా పోరుమామిళ్లకు వెళ్దాం. అక్కడి చెరువు దగ్గర క్రీ.శ. 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యాన్ని పాలించిన భాస్కర భవదూరుడు వేయించినది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని చేసి ఆ చెరువును పూర్తి చేశారని శాసనం చెబుతుంది. మనకు ఎక్కువ పనికొచ్చేది దాని తర్వాతి భాగం. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మెరక, నీటికీ ఆయకట్టుకూ పొంతన లేకపోవడం వంటివి దోషాలు. ఈనాటి ఇంజనీరు కూడా వీటిని కాదనడు. వాటిలోనే ఒక విచిత్రమైన దోషం ఉంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. ఇది మట్టికీ రాయికీ సంబంధించిన దోషం కాదు, రాజకీయ దోషం. సరిహద్దు చెరువుకు బాధ్యుడెవరో తేలదు. ఈ మాటను గుర్తుంచుకోండి, కుప్పం దగ్గర దీనితో మళ్లీ పని పడుతుంది.

కట్టను ఎవరు చూసేవారు?

పాత ఏర్పాటును మరీ అందంగా ఊహించుకోనక్కర లేదు. అందులో కులం ఉంది, వెట్టి ఉంది. అయితే బాధ్యత ఎవరిదో తెలిసేది. తూము ఎత్తి దించి, ఎవరి మడికి ఎంత నీరో పంచేవాడు నీరుగంటి. చెరువు కట్టినవారికి, మరమ్మతు చూసేవారికి ప్రతిఫలంగా ఇచ్చిన మాన్యం దశబంధం. ఆయకట్టు రైతులు ఏటా ఎవరి వంతు పని వారు చేయడం కుడిమరామత్తు. పూడిక తీయడం, కట్ట మీది చెట్లు కొట్టడం, ఎలుక బొరియలు పూడ్చడం, వానాకాలంలో రాత్రిళ్లు కాపలా కాయడం, అన్నీ ఇందులో వచ్చేవి. కాపలాకు, చెట్టు నరకడానికి ఎక్కువగా పంపింది ఎవరినో, నీటి వాటాలో చివర నిలబడ్డది ఎవరో మీ ఊరి పెద్దలను అడిగితే చెబుతారు. తరచుగా రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు వస్తుంది.

1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. మదనపల్లె కడప జిల్లాలో భాగంగా రైతువారీ విధానంలోకి వెళ్లింది. పుంగనూరు, కంగుంది మాత్రం ఉత్తర ఆర్కాటు కింద జమీందారీలుగా మిగిలాయి. కుప్పం ఈ కంగుంది జమీందారీలోనిదే. ఈ తేడా ముఖ్యం. రైతువారీ ఊళ్లలో చెరువు సర్కారుదయింది, శిస్తు వసూలు చేసే యంత్రాంగానికి మరమ్మతు ఖర్చు భారంగా కనబడింది. జమీందారీ ఊళ్లలో చెరువు జమీందారుది, ఆయన మనసు, ఆయన అప్పుల మీద ఆధారపడింది. ఈ మూడు ఊళ్లూ ఒకే పాలన కిందికి రావడానికి 1911 ఏప్రిల్ 1 దాకా, చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆగాలి. ఒకే రకపు నేల, ఒకే రకపు వాన, పైన మాత్రం మూడు రకాల యజమానులు.

మద్రాసు రాజధాని కోసం 1858లో మొదటి చట్టంగా చేసిన శాసనాన్ని ఇక్కడ పరిశీలించాలి. వరద వల్ల నష్టం జరగకుండా ప్రజల చేత నిర్బంధంగా పని చేయించడం, చెరువుల మీద ఆనవాయితీగా వస్తున్న శ్రమను అమలు చేయడం ఆ చట్టం ఉద్దేశం. రెండు పనులనూ ఒకే చట్టంలో పెట్టారంటే, మామూలు రోజుల మరమ్మతుకూ వరద రాత్రి ప్రమాదానికీ ఉన్న సంబంధం పాలకులకు తెలుసన్నమాట. ఊరి కట్టుబాటుగా నడిచిన పని అప్పటికే సడలిందని కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. సడలకపోతే చట్టం ఎందుకు? చాలా చోట్ల ఇనాము మిగిలింది, ఇనాముతో వచ్చిన పని మరుగున పడింది.

ధాత కరువు

1876లో నైరుతి సరిగా పడలేదు, తర్వాత ఈశాన్యమూ మొహం చాటేసింది. తెలుగు సంవత్సరాల లెక్కలో అది ధాత. అందుకే 1876-78 నాటి మహాక్షామాన్ని ఈ వైపు ధాత కరువు అంటారు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప, ఉత్తర ఆర్కాటు ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఉన్నాయి. అంటే మన మూడు ఊళ్లూ అందులోనే ఉన్నాయి.

కడప జిల్లా జనాభా లెక్కలు చూడండి. 1871లో 13,51,194. 1881లో 11,21,038. పదేళ్లలో పెరగవలసిన జనం 17 శాతం తగ్గారు. ఈ తగ్గుదలలో ఆకలితో పోయినవారు, ఆకలి వెంట వచ్చిన కలరాతో పోయినవారు, ఊరు విడిచి తిరిగి రానివారు, పుట్టవలసి ఉండీ పుట్టని పిల్లలు అందరూ ఉన్నారు. చరిత్ర విద్యార్థిగా మీరు అంకెను చదివేటప్పుడు ఇలా విడదీసి చదవాలి.

వాన లేకపోవడం ప్రకృతి పని. జనం చనిపోవడం మాత్రం పూర్తిగా ప్రకృతి పని కాదు. కుప్పం మీదుగా జోలార్‌పేట, బెంగళూరు రైలు మార్గం 1864లోనే వచ్చింది. అంటే కరువు నాటికి ధాన్యాన్ని ఇక్కడికి చేర్చే సాధనం ఉంది. అయితే రైలు ధాన్యాన్ని తెస్తుంది, తీసుకుపోతుంది కూడా. కొనే శక్తి ఉన్న చోటికే అది వెళ్తుంది. వ్యాపారంలో జోక్యం చేసుకోకూడదన్న సిద్ధాంతాన్ని ప్రభుత్వం పట్టుకుంది. 1877 జనవరిలో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దానితో పాటు కొద్దిపాటి డబ్బుకు కుదించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ప్రభుత్వంలోని ఒక అధికారి ప్రభుత్వ లెక్కనే తప్పుపట్టడం అరుదు. ఆ వాదన రికార్డుల్లో మిగలడం వల్లే ఈనాడు మనం టెంపుల్ కూలి గురించి ఇంత వివరంగా మాట్లాడుకోగలుగుతున్నాం.

ఈ కరువు తర్వాత రెండు మార్పులు వచ్చాయి. రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన నియమించిన క్షామ సంఘం 1880లో నివేదిక ఇచ్చింది, దాని ఆధారంగా క్షామ నియమావళులు తయారయ్యాయి. ఎప్పుడు కరువు ప్రకటించాలి, ఎవరికి పని ఇవ్వాలి, ఎవరికి ఉచితంగా తిండి పెట్టాలి అన్నది రాతలోకి వచ్చింది. రెండోది, 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకాన్ని మొదలుపెట్టింది. కరువు చూశాకే చెరువు గుర్తొచ్చింది. సర్వే బృందాలు చెరువులను కొలిచి, మొరవలు సరిచేస్తూ వచ్చాయి. దశాబ్దాల పాటు సాగినా ఆ పని చెరువులన్నిటినీ చేరలేదు. జమీందారీ చెరువులకు ఆ మాత్రం కూడా అందలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఒక పోలిక చూడండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. తొలి విడతలోనే చిత్తూరు జిల్లా ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ పథకంలో చెరువు పూడిక తీసి ఉండవచ్చు. కరువులో పని చూపించి కూలి ఇవ్వడం అనే ఆలోచనకు వేళ్లు క్షామ నియమావళిలో ఉన్నాయి. తేడా ఎక్కడ? అప్పుడు అది సర్కారు దయ. అందులోనూ నిజంగా ఆకలి ఉన్నవాడే రావాలని కూలి తగ్గించి, పని దూరంలో పెట్టేవారు. ఇప్పుడు చట్టం పనిని హక్కు అన్నది. ఆచరణలో ఆ తేడా ఎంత మిగిలిందో మీరే బాగా చెప్పగలరు.

కరువుకు అలవాటు పడిన పంట, పశువు

కరువు సీమ అనగానే నిస్సహాయుల చిత్రం గీయడం కొందరికి అలవాటు. అది సరి కాదు. ఇక్కడి రైతు కరువును లెక్కలో పెట్టుకునే సేద్యం చేశాడు. రాగి, సజ్జ, కొర్ర, సామ, ఉలవ, అనుములు కలిపి వేసేవాడు. ఒకటి పోతే ఒకటి దక్కేది. రాగి గింజ ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా పాతరలో నిలుస్తుంది. సంగటి ఇక్కడి తిండి కావడం రుచి కోసమే కాదు, నిల్వ కోసం కూడా. బావి నుంచి ఎద్దులతో కపిల తోలి నీరు పెట్టేవారు. ఎద్దు అలిసినంత నీరే పైకి వచ్చేది కనుక బావి పూర్తిగా ఎండేది కాదు.

పుంగనూరు ఆవును మీరు చూసే ఉంటారు, కనీసం ఫొటోలో. ఎత్తు మూడడుగులకు మించని ఈ పొట్టి జాతి, పాత పుంగనూరు జమీందారీ ప్రాంతంలో రూపుదిద్దుకుంది. ఎండు గడ్డితో, తక్కువ మేతతో బతికి, వెన్న ఎక్కువగా ఉన్న పాలు ఇస్తుంది. ఇప్పుడు ముద్దు కోసం లక్షలు పోసి కొనేవారు ఉన్నారు గానీ, నిజానికి అది కరువు తయారు చేసిన పశువు. ఎక్కువ పాలిచ్చే సంకర జాతులు వచ్చాక ఆ జాతి దాదాపు కనుమరుగై, పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడవలసి వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దంలో వేరుశనగ వచ్చి ఈ కలగలుపు సేద్యాన్ని చాలావరకు పక్కకు నెట్టింది. అది డబ్బు పంట. వాన సకాలంలో పడితే లాభం, పూత దశలో ఇరవై రోజులు మొహం చాటేస్తే సర్వం పోతుంది. ఊడ దిగే వేళకు నేల గట్టిపడితే చెట్టు పచ్చగానే ఉంటుంది, కాయ ఉండదు. 1950ల మొదట్లో రాయలసీమను పట్టిన కరువులో గంజి కేంద్రాల ముందు వరుసలు కట్టిన జనాన్ని పాత తరం ఇంకా తలుచుకుంటుంది. అప్పటికి జమీందారీలు రద్దవుతున్నాయి. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టంతో పుంగనూరు, కుప్పం వైపు చెరువులు కూడా సర్కారు చేతికి వచ్చాయి. అంటే మూడు రకాల యజమానులు పోయి ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ చాలా దూరంలో ఉండేవారు.

తర్వాత వచ్చింది బోరు. ఇది చెరువును నిశ్శబ్దంగా పక్కన పెట్టింది. బావి ఉన్నప్పుడు చెరువు నిండితేనే బావిలో నీరు ఊరేది, కనుక బావి ఉన్న రైతుకూ చెరువు మీద ఆసక్తి ఉండేది. బోరు వేసినవాడు ఆ సంబంధం తెగిపోయిందనుకున్నాడు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి రిగ్గు లారీలు వచ్చేవి. రెండు వందల అడుగుల లోతుతో మొదలైన బోరు వెయ్యి అడుగులు దాటింది. రాతి పగులులో దొరికిన నీరు ఏళ్ల కిందట ఇంకినది, దాన్ని వాడుకోవడం దాచిన సొమ్ము తినడం లాంటిది. 2002, 2003 వరుస కరువుల్లో ఈ దాపు అడుగంటింది. 2002లోనే ప్రభుత్వం నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం తెచ్చింది. చట్టం ఉన్నా రాత్రికి రాత్రి బోర్లు పడుతూనే వచ్చాయి. ఎండిన బోర్ల అప్పులతో కుటుంబాలు బెంగళూరు దారి పట్టాయి. అదే కాలంలో చెరువు గర్భంలో సాగు మొదలైంది, మొరవ వంకల్లో ఇళ్లు లేచాయి, కట్టల మీద సర్కారు తుమ్మ పెరిగింది. ఇరవై ఏళ్లు నిండని చెరువును చెరువని ఎవరు గుర్తుంచుకుంటారు?

నీరు గుర్తుంచుకుంటుంది

ఇప్పుడు రెండు వరదలను పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ మన ప్రాంతం దిగువన జరిగినవే.

మొదటిది పాలారు. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టిన పాలారు, కుప్పం ప్రాంతంలో సుమారు 33 కిలోమీటర్లు ప్రవహించి తమిళనాడుకు వెళ్తుంది. 1903 నవంబరులో కుంభవృష్టికి ఎగువన మైసూరు సంస్థానంలోని చెరువులు తెగాయి. ఆ నీరంతా పాలారులో కలిసి దిగువన వాణియంబాడి పట్టణం మీద పడింది. పట్టణంలో చాలా భాగం కొట్టుకుపోయింది. వాణియంబాడివారు తమ ఊళ్లో కురిసిన వానకు మునగలేదు. మరో రాజ్యంలో, తాము ఎన్నడూ చూడని కట్టలు తెగడం వల్ల మునిగారు.

పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషం గుర్తుందా? పాలారు కథ ఆ దోషానికి పెద్ద రూపం. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం పాలారు వంటి నదుల మీద మైసూరు కొత్త నిర్మాణాలకు మద్రాసు అంగీకారం తీసుకోవాలి. అప్పుడు కుప్పం మద్రాసులో ఉంది కనుక ఒప్పందం కుప్పానికి రక్షణ. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక అదే కుప్పం తమిళనాడుకు ఎగువ రాష్ట్రమైంది. 2006లో కుప్పం దగ్గర గణేశపురం వద్ద ఆనకట్ట ప్రతిపాదన వచ్చినప్పుడు, తమిళనాడు అదే 1892 ఒప్పందాన్ని చూపి సుప్రీంకోర్టుకు వెళ్లింది. నది ఉన్నచోటే ఉంది, గీత మారింది. ఇరు రాష్ట్రాల తగవు నీరు లేని రోజుల గురించే నడిచింది. నీరు ఎక్కువైన రోజు ఎవరు ఎవరికి కబురు చేయాలి అన్నది ఆ తగవులో పెద్దగా వినబడలేదు.

రెండోది చెయ్యేరు. మదనపల్లె వైపు నుంచి వచ్చే బాహుదా, పించా నదులు కలిసి చెయ్యేరు అవుతాయి. బాహుదాలో మునగగానే లిఖితుడనే మునికి నరికిన చేతులు తిరిగి వచ్చాయని భారత కథ. చేయి ఇచ్చిన ఏరు కనుక చెయ్యేరు అయిందని స్థానికులు చెబుతారు. 2021 నవంబరులో వాయుగుండం ప్రభావంతో తిరుపతి నీట మునిగింది, ఎగువ మెట్టలన్నీ ఒక్కసారిగా వదిలిన నీరు ఈ నదుల్లోకి దిగింది. ముందు పించా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరద కింద రాజంపేట సమీపంలోని అన్నమయ్య ప్రాజెక్టును చేరింది. నవంబరు 19 తెల్లవారుజామున దాని మట్టి కట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట వంటి ఊళ్ల మీద నీరు పడింది. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. కార్తీక పౌర్ణమి నాటి ఆ తెల్లవారుజామున శివాలయంలో దీపాలు పెట్టడానికి వెళ్లినవారు కూడా వారిలో ఉన్నారు. ఆ ప్రాజెక్టు గేట్లలో ఒకటి అంతకు ముందు ఏడాది దెబ్బతిని పనిచేయలేదన్న విషయం తర్వాత పార్లమెంటు దాకా వెళ్లింది.

ఒకటి 1903, ఒకటి 2021. ఒకటి చెరువుల గొలుసు, ఒకటి సిమెంటు గేట్లున్న ప్రాజెక్టుల గొలుసు. కానీ తెగిన పద్ధతి ఒకటే: పైన ఒక కట్ట, కింద ఇంకొకటి, మధ్యలో మిగులు నీటికి దారి చాలకపోవడం. గేటు మరమ్మతు అంటే పాత మాటలో మొరవ మరమ్మతే. ఎండ కాసిన సంవత్సరంలో ఎవరికీ అవసరం లేదనిపించిన పని అది.

అదే వారంలో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకు పడింది. కానీ అక్కడ కథ వేరేలా ముగిసింది. కింది ఊళ్లను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలతో కట్టను నిలబెట్టారు. చెరువు తెగలేదు. చరిత్రలో తెగని చెరువుకు పేజీ దొరకడం కష్టం కనుక, దాన్ని ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాం.

2025లో శ్రీశైలం నీరు హంద్రీ-నీవా కాలువల మీదుగా, ఎన్నో ఎత్తిపోతలు దాటి 700 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కుప్పం చెరువులకు చేరింది. దశాబ్దాలుగా ఎదురుచూసిన నీరు. దీని రాజకీయం మరో పాఠంలో చదువుతారు. ఈ పాఠానికి సంబంధించిన ప్రశ్న వేరు. ఆగస్టులో కాలువ నీటితో నిండిన చెరువు, నవంబరులో వాయుగుండం వచ్చే వేళకు ఖాళీ లేకుండా ఉంటుంది. ఎండిన చెరువు కుంభవృష్టిని మింగగలదు, నిండిన చెరువు మింగలేదు. కరువు తీరిన చెరువుకే మొరవ ఎక్కువ అవసరం.

క్షేత్ర పని

ఈ భాగానికి అసైన్‌మెంటుగా మీ ఊరి చెరువు మీద నాలుగు పేజీలు రాయండి. కలెక్టరేటు దాకా వెళ్లనక్కర లేదు. 1875లో గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్, 1881లో కాక్స్ రాసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ గ్రంథాలయంలో దొరికితే చూడండి, దొరకకపోయినా పని ఆగదు. ముందు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. తూములు ఎన్ని, ఏది పనిచేస్తోంది, కట్ట మీద ఏ చెట్లు ఉన్నాయి అన్నది రాసుకోండి. మొరవ దగ్గర ఆగి, అక్కడి నుంచి నీరు వెళ్లే వంక వెంట కింది చెరువు దాకా నడిచి చూడండి. దారిలో ఏ ఇల్లు, ఏ మడి, ఏ రోడ్డు అడ్డు వచ్చాయో గుర్తించండి. తర్వాత ఊళ్లో నీరుగంటి కుటుంబం ఉంటే వారిని, ఆయకట్టులో చివరి మడి రైతును, చెరువు గర్భంలో సాగు చేసుకునేవారిని వేర్వేరుగా కలవండి. ముగ్గురినీ ఒకే ప్రశ్న అడగండి: ఈ చెరువు చివరిసారి మొరవ పోయింది ఎప్పుడు, ఆ రాత్రి కట్ట మీద ఎవరున్నారు? ముగ్గురి జవాబులు కలవకపోతే వాటిని కలపడానికి ప్రయత్నించకండి, మూడింటినీ అలాగే రాయండి.